బోలుగా మోగే ఇల్లు

మా కాటా గది తలుపు చట్రానికి చెద పట్టింది. వడ్రంగిని పిలిచాను. అతను ఉలి తీయలేదు, సుత్తీ తీయలేదు. ముందు వంగి, వేలి కణుపులతో చట్రాన్ని కింద నుంచి పైకి తట్టుకుంటూ వెళ్ళాడు. మోకాలి ఎత్తు వరకూ బోలుగా మోగింది. అక్కడి నుంచి పైకి గట్టిగా మోగింది.

ఆ చప్పుడు విని నా చేతిలో టీ గ్లాసు అలాగే ఉండిపోయింది. అలా తట్టే చెయ్యి ఒకటి నాకు తెలుసు. ఆమె పోయిందని రెండు రోజుల ముందే విన్నాను. కొండ మీద నుంచి వెదురు దించే లారీ డ్రైవరు కాటా మీద బండి ఆపి, "మీ తట్టే ముసిల్ది పోనాది బావా" అని చెప్పి, తూకం చీటీ తీసుకుని వెళ్ళిపోయాడు.

వడ్రంగి లేచి నిలబడ్డాడు.

"కింద ముక్క కోసీసి కొత్తది అతికిస్తాను. మరి మల్లీ సెద రాకండా ఒక సరుకున్నాది బావా. కొండ మీద నుంచి వస్తాది. నల్లగా, బరువుగా, రాయి వోలి ఉంటాది. గడప కింద రెండు దోసిళ్ళు ఏసీసినామంటే నీ మనవల కాలానికి కూడా సెద ఈ మొకం సూడదు."

"ఎక్కడ దొరికింది నీకు?"

"ఎక్కడేటి, సంతలోనే. సీతాఫలాలు తెచ్చినోలు గంపడుగున ఏసుకొస్తన్నారు."

వద్దన్నాను. అతను నన్నూ చట్రాన్నీ మార్చి మార్చి చూశాడు.

"సెదని పెంచుకుంటావేటి?" అని నవ్వాడు.

ఆ నవ్వుకు జవాబు చెప్పాలంటే ఆ ముసలామె దగ్గర నుంచి మొదలుపెట్టాలి.

ఆమె ఎక్కడికి వెళ్ళినా ముందు పలకరించేది మనిషిని కాదు, కట్టెను. ఇంటికి వెళితే ద్వారబంధాన్ని, పశువుల శాలకు వెళితే గుంజను, బడికి వెళితే బెంచీ కాలును వేలి కణుపులతో రెండుసార్లు తట్టేది. తల ఒక పక్కకు వంచి వినేది. ఆ తర్వాతే "బాగున్నారేటి?" అనేది. చుట్టను ఎప్పుడూ అడ్డంగా తిప్పి, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకునే కాల్చేది. ఆ నిప్పు నోట్లో ఉండగానే మాట్లాడేది కూడా. కొత్తవాళ్ళకు ఆ మాట సగమే అర్థమయ్యేది. ఇంకోసారి అడిగితే మాత్రం చుట్ట తీసి, ఉమ్మి, మొదటిసారి కన్నా గట్టిగా తిట్టినట్టు చెప్పేది. కాళ్ళకు చెప్పులు వేసుకోగా నేను చూడలేదు. ఏ వస్తువు చేతికిచ్చినా వాసన చూసేది. ఒకసారి నా కొలత టేపు ఇస్తే అదీ వాసన చూసి, "ఇనప కంపు" అని తిరిగి ఇచ్చేసింది.

ఆ కొండల్లో చెద అంటే మామూలు భయం కాదు. ఇళ్ళన్నీ కర్ర మీదే నిలబడతాయి. ఇంటి నడుమ కప్పు బరువంతా మోసే స్తంభాన్ని నిట్టాడి అంటారు. దాని పక్కనే ధాన్యం, కందులు పోసుకునే గాదె ఉంటుంది. నిట్టాడిని చెద తింటే గాదె మీదే ఇల్లు కూలుతుంది. "ఏనుగొస్తే డప్పు కొడతాం, అరుస్తాం. దీనికి సప్పుడేదీ? అందుకే మనమే సప్పుడు సెయ్యాల" అనేది ఆమె. పెళ్ళయి వచ్చిన ఏడాదే అత్తగారి ఇల్లు అలా కూలిందట. అప్పటి నుంచి ఆ తట్టడం. ఊళ్ళో ఎవరు ఇల్లు కట్టుకున్నా నిట్టాడి కర్ర కొట్టే ముందు ఆమెను పిలిచేవారు. ఆమె తట్టి సరేనంటేనే గొడ్డలి పడేది.

నా సంగతీ కొంచెం చెప్పాలి. సాలూరులో లారీలు తూచే కాటా నాది. నా చదువు పదో తరగతి దగ్గర ఆగింది. లెక్క ఆగలేదు. కుప్పను చూసి బరువు చెప్పడం, గొయ్యిని చూసి ఎన్ని లారీల మట్టి పడుతుందో చెప్పడం ఎవరూ నేర్పకుండానే పట్టుబడింది. ఇసుక ఒక వాలులో కుప్ప పడుతుంది, కంకర ఇంకో వాలులో పడుతుంది. వాలు తెలిస్తే సగం లెక్క తెలిసినట్టే. ఈ పేరు వినే ఒక కాంట్రాక్టరు నన్ను కొండ మీదికి పిలిచాడు. ఆమె ఊరు అక్కడే.

ఆ ఊరి చివర కొండవాలులో ఒక సీసం బట్టీ ఉండేది. లారీల పాత బ్యాటరీలు పగలగొట్టి, లోపలి పలకలు కరిగించి సీసం తీసేవారు. ఏజెన్సీలో బయటివాడు భూమి కొనకూడదు. అందుకని ఎవరో గిరిజనుడి పేరు మీద కాగితం పుట్టించి, కింది నుంచి వచ్చిన ఒక ఆసామి రేకుల షెడ్డు వేశాడు. కొన్నేళ్ళు నడిపాడు. పొగ గురించి ఫిర్యాదులు వెళ్ళి తనిఖీకి వస్తున్నారని తెలిశాక, ఒక వానాకాలం షెడ్డుకు తాళం కూడా వేయకుండా వెళ్ళిపోయాడు. వెనక మిగిలింది పగిలిన బ్యాటరీ డబ్బాలు, ఆమ్లం ఇంకిన నేల, కరిగించగా మిగిలిన చిట్టెం. చిట్టెం అంటే నల్లగా, గాజులా మెరిసే గడ్డ. చూడటానికి రాయే. ఎత్తితే మాత్రం రాయి కన్నా బరువు.

ఇన్నాళ్ళకు ప్రభుత్వం దాన్ని శుభ్రం చేయించే పని ఒక కాంట్రాక్టరుకు ఇచ్చింది. చుట్టూ కంచె వేశారు. కంచె లోపల ఉన్నదంతా ఎత్తి, లారీల్లో మూసి, విషపు చెత్త పూడ్చే దూరపు స్థలానికి పంపాలి. ఎన్ని లారీలు కావాలో ముందే లెక్క కట్టడం నా పని.

మొదటి రోజు నాలుగు కుప్పలు కొలిచాను. ప్రతి కుప్ప నడుమా ఒక వెదురు పాతి, శిఖరం ఎక్కడికి వచ్చిందో దాని మీద సున్నంతో గీత గీశాను. కుప్ప తరిగేకొద్దీ గీత కింద ఎంత వెదురు బయటపడిందో చూస్తే ఎంత పోయిందో తెలుస్తుంది. వారం తర్వాత వెళ్ళాను. మూడు కుప్పలు తరిగాయి. తూర్పు మూల కుప్పకు ఇంకా పార తగలలేదు. దాని వెదురు మీద సున్నపు గీత కనబడలేదు.

గీత వానకు పోయిందనుకోవడానికి వాన లేదు. వెదురు కుంగిందేమోనని కదిపి చూశాను. కుంగలేదు. చేత్తో చిట్టెం పక్కకు లాగితే, జానెడు కింద గీత ఉంది. కుప్ప పెరిగింది.

పొయ్యి ఆరిపోయి, మూసేసిన బట్టీలో చెత్త పెరగడం ఎలాంటిదో లెక్కలు తెలిసినవాడికి తెలుస్తుంది. ఆ కొండే దాన్ని కంటున్నట్టు అనిపించింది. ముందు నా కొలతే తప్పనుకుని మళ్ళీ కొలిచాను. తప్పు లేదు. సైటు సూపర్వైజరుకు చూపించాను. అద్దాలు పెట్టుకున్న మితభాషి అతను. వెదురు వంక చూసి, "మధ్యాహ్నం భోజనాల వేళ ఇక్కడే ఉండండి. తెలుస్తుంది" అన్నాడు.

కూలీలందరూ ముసుగులు తీసి చెట్ల కిందికి అన్నాలకు వెళ్ళారు. నేను షెడ్డు నీడలో నిలబడ్డాను. కాసేపటికి కంచె కింది తీగ పైకి లేచింది. ముందు ఒక గంప లోపలికి వచ్చింది. దాని వెనక ఒక ముసలామె వంగి వచ్చింది. గంపను నెత్తికెత్తుకుని, ఇంటి పెరట్లోకి నడిచినట్టు నడిచి, తూర్పు కుప్ప మీద కుమ్మరించింది. గంపను బోర్లించి తట్టింది. అప్పుడు నన్ను చూసింది. కంగారు పడలేదు.

"ఏటమ్మా పోస్తన్నావు?" అన్నాను.

"మీదే బాబూ. మీది మీకే తెచ్చిస్తన్నాను."

"మాదేటి?"

"కంచి లోపలిదంతా మీదేనట గదా. ఇది మరి కంచి లోపలికి వచ్చీసింది గదా."

చుట్ట నోట్లోనే ఉంది. షెడ్డు స్తంభాన్ని దాటుతూ దాన్ని కూడా తట్టింది. అది ఇనప గొట్టం. "ఇది సెడదు. మనుసుల్నే సెరుపుతాది" అని, వచ్చిన దారినే పోయింది.

సంగతంతా సూపర్వైజరు చెప్పాడు. బట్టీ నడిచే రోజుల్లోనే ఆ చిట్టెం పడిన చోట చెద పుట్టలు లేవని మొదట గమనించింది ఆమేనట. ఒక గంపెడు తెచ్చి తన నిట్టాడి మొదట్లో పోసింది. మరుసటి ఏడాది తట్టి చూస్తే గట్టిగా మోగింది. ఊరంతా పిలిచి తట్టి వినిపించింది. అంతే, ఇంటింటా నిట్టాడి కింద, గాదె కింద, పశువుల శాల గుంజల కింద చిట్టెం చేరింది. అరుగులకు వేసి దిమ్మిస కొట్టినవాళ్ళు కూడా ఉన్నారు. బట్టీవాడు కూడా పట్టుకుపొమ్మన్నాడట. వాడికి చోటు ఖాళీ అయ్యేది. చెద ఆగింది దానివల్లో కాదో నేను చెప్పలేను. ఆగిన మాట నిజం.

ఆమె కొడుకు కూతురికి కడుపునొప్పులు మొదలయ్యాయి. పిల్ల పాలిపోయింది. బడిలో నేర్చిన అక్షరాలు వారం తిరిగేసరికి మరిచిపోతోంది. ఆసుపత్రిలో రక్తం తీసి పరీక్షకు పంపితే సీసం ఉందన్నారు. బట్టీ దగ్గర ఆడుతోందా అని అడిగారు. "మా గుంట అటేపు ఎల్లదు బాబూ" అని చెప్పి వచ్చింది ఆమె. ఆడపిల్లను అక్కడ గుంట అంటారు. శుభ్రం చేసే పని మొదలయ్యాక ఒక రోజు కంచె పట్టుకుని చాలాసేపు నిలబడింది. మూతికి ముసుగులు, చేతికి తొడుగులు, కాళ్ళకు బూట్లు వేసుకుని మనుషులు ఆ నల్లరాళ్ళను ఎత్తడం చూసింది. ఇంటికి వెళ్ళి, కొంగులో ఒక ముక్క మూటగట్టుకుని సూపర్వైజరు దగ్గరికి వచ్చింది.

"నాయినా, నువ్వు మూతికి గుడ్డ కట్టుకోని ఎత్తతన్నావు సూడు. అదీ ఇదీ ఒకటేనేటి?"

"ఒకటేనమ్మా. ఎక్కడ దొరికింది? కింద పడెయ్, చెయ్యి కడుక్కో."

"మా నిట్టాడి కిందది. మా గుంట దాని పక్కనే తొంగుంటాది."

పిల్ల పడుకునేది అక్కడేనని అన్నాక ఆమె నోట్లోంచి చుట్ట జారి పడిందని, తీసుకోలేదని సూపర్వైజరు చెప్పాడు. ఊరిని అడిగి చూస్తే ప్రతి ఇంట్లో ఉందని తెలిసింది. ఇళ్ళలోది తీయాలంటే తన పనిలో అది లేదు. కంచె లోపలిది మాత్రమే ఉంది. పైకి రాశాడు. మళ్ళీ రాశాడు. జవాబు రాలేదు. ఆ సంగతి ఆమెకు చెబితే, "కంచి లోపలుంటే ఎత్తుతావేటి?" అని అడిగిందట. ఎత్తుతానన్నాడు. మరునాటి నుంచి మధ్యాహ్నాలు కుప్ప పెరగడం మొదలైంది.

"నేను చూడలేదు. మీరూ చూడలేదు. మీ లెక్కలో ఒక లారీ ఎక్కువ వేయగలరా?" అన్నాడు.

నా మొదటి కొలత తక్కువైందని కాంట్రాక్టరుకు చెప్పాను. అతను నన్ను నాలుగు మాటలన్నాడు. పడ్డాను.

చేతి తొడుగులు లేకుండా ఎత్తొద్దని సూపర్వైజరు ఆమెకు ఒక జత ఇచ్చాడు, ఒక ముసుగు కూడా. ముసుగు కడితే చుట్టకు దారి లేదు. తొడుగు వేసుకుంటే తట్టినప్పుడు చప్పుడు తెలియదు. మరుసటిసారి వెళ్ళేసరికి అవి ఆమె కందిచేనులో దిష్టిబొమ్మకు తొడిగి ఉన్నాయి. తెల్ల ముసుగు, నీలం చేతులు, కింద ఆమె పాత చీర. దూరం నుంచి చూస్తే మా కూలీల్లో ఒకడు చేనులో నిలబడి ఊరికేసి చూస్తున్నట్టే ఉండేది. పిట్టలు వాలడం మానేశాయి. మా కూలీలు కూడా ఆ దారిన నడవడం మానేశారు.

"బాగా పని సేస్తన్నాడు వాడు. జీతం నేదు, సుట్ట అడగడు" అనేది.

తన ఇంటిది తీయడం తేలికైంది. నిట్టాడి చుట్టూ మోకాలి లోతు తవ్వి, మన్నుతో సహా ఎత్తేసింది. గాదె ఖాళీ చేసి దాని కిందదీ తీసింది. కొడుకు అడ్డు పడితే గునపం చూపించిందట. తర్వాత ఇల్లిల్లూ తిరిగింది. అక్కడ చుక్కెదురైంది. ఏ ఇంటివాళ్ళూ నిట్టాడి మొదలు తవ్వడానికి ఒప్పుకోలేదు. తన ఇంటిది తీసేసినా, పిల్ల మేనత్త ఇంట్లోనో స్నేహితురాలి ఇంట్లోనో తింటుంది, పడుకుంటుంది. ఊళ్ళో ఇంకా పిల్లలున్నారు. ఒక్క ఇల్లు తవ్వితే సరిపోదని ఆమెకు తెలుసు.

అప్పుడే కంది కొత్తల పండగ వచ్చింది. ఆ ఊళ్ళో పండగ కాకుండా కొత్త కందులు ఎవరూ నోట పెట్టరు. ఆ రోజు ప్రతి ఇంటి నుంచీ చేటెడు కొత్త కందులు తెచ్చి, ఊరి చివర అమ్మవారి రాయి ముందు ఒకే కుండలో కలిపి వండుతారు. అందరూ కలిసి తింటారు. మమ్మల్నీ పిలిచారు. సూపర్వైజరూ నేనూ విస్తళ్ళ ముందు కూర్చున్నాం. డప్పులు మోగుతున్నాయి. ఒక్కొక్కరే వచ్చి కందులు కుండలో పోస్తున్నారు.

ఆమె వంతు వచ్చింది. చేట పట్టుకుని కుండ దగ్గర నిలబడింది. పోయలేదు.

ఊరిపెద్ద ఆమెకు మరిది వరస. "పోసీ వదినా, పొయ్యి సల్లారిపోతన్నాది" అన్నాడు.

"సల్లారనీ. ముందు నా మాటిను. అల్లప్పుడు మీ ఇంటింటికీ తిరిగి తట్టి వినిపించి, ఎయ్యండి ఎయ్యండని సెప్పింది నానే. ఇప్పుడు తవ్వీయండని సెప్తన్నదీ నానే. తవ్వినోలే ఈ కుండలో పొయ్యండి."

"అప్పుడు ఎయ్యమన్నావు, ఏసినాం. ఇప్పుడు తియ్యమంటన్నావు. రేపేటంటావు? ఇల్లు పీకీసి సెట్టెక్కమంటావేటి?"

అందరూ నవ్వారు. డప్పు కొట్టేవాడు నవ్వుకు తగ్గట్టు రెండు దెబ్బలు వేశాడు.

ఒకామె చేట దులుపుకుంటూ అంది: "మా గాదికి పురుగు నేదు, సెద నేదు. నీ గుంటకి కడుపులో నొప్పొస్తే మా గాది తవ్వుకోమంటావేటప్పా? ఇల్లు కూలితే నువ్వొచ్చి నిలబడతావా నిట్టాడి బదులు?"

"నిలబడతాను. నువ్వొచ్చి తట్టి సూడు, బోలుగా మోగుతానో నేదో."

మళ్ళీ నవ్వులు. ఆమె మాత్రం నవ్వలేదు. చుట్ట తీసి నేలకేసి నలిపింది.

"పురుగు ముట్టని గింజ మనం తింటన్నాం. దానికున్న తెలివి మనకి నేదేటి?" అంది. "మీ కుండలో నా కందులు కలపను. మీ కందులు నా గుంట తినదు."

చేట తీసుకుని పక్కకు వెళ్ళింది. మూడు రాళ్ళు పెట్టి, ఎండుపుల్లలు ఏరి, చిన్న కుండలో తన కందులు తాను వండుకుంది. డప్పు ఆగిపోయింది. ఆ ఊళ్ళో ఆ పండగ నాడు విడిగా పొయ్యి పెట్టడం ఊరిని వదులుకోవడమే. కోడలు ముఖానికి కొంగు అడ్డుపెట్టుకుని ఏడ్చింది. పిల్లను చెయ్యి పట్టుకుని తన పక్కన కూర్చోబెట్టుకుని, మా అందరికీ ఎదురుగా ముసలామె తినిపించడం మొదలుపెట్టింది. మా విస్తళ్ళలో ఊరి కుండలోని కందులు వడ్డించారు. ఆవిరి వస్తోంది. చాలాసేపు ఎవరూ చెయ్యి పెట్టలేదు. ఊరిపెద్ద మొదటి ముద్ద తీసుకున్నాక ఒక్కొక్కరే తిన్నారు, తలలు ఎత్తకుండా.

ఆ తర్వాత ఎవరూ ఆమెతో మాట్లాడలేదు. అయితే మగవాళ్ళు పోడుకు వెళ్ళాక కొందరు ఆడవాళ్ళు చప్పుడు చేయకుండా తవ్వి, గంపలకెత్తి ఆమె ఇంటి వెనక పెట్టి వెళ్ళేవారు. గాదె గురించి వెక్కిరించినామె కూడా ఒక గంప పెట్టిందని కోడలు తర్వాత చెప్పింది. ముసలామె అడిగేది కాదు, ఎవరిదని చూసేది కాదు. మధ్యాహ్నం అయ్యేసరికి కంచె కింద తీగ లేచేది. చాలా ఇళ్ళు మాత్రం అలాగే ఉండిపోయాయి.

పని ముగిసింది. కుప్పలు వెళ్ళిపోయాయి. నేల మీద ఒక పొర ఎర్రమట్టి పరిచారు. శుభ్రమైన స్థలమని బోర్డు పెట్టారు. కంచె తలుపుకు తాళం వేశారు. నా లెక్క చివరికి సరిపోయింది. కంచె లోపలిది మటుకే. బయటిదాన్ని ఎవరూ కొలవమనలేదు. సూపర్వైజరుకు ఇంకెక్కడో పని పడింది, వెళ్ళిపోయాడు.

ఆ ఎండాకాలం ఒక ఉదయం మా గది తలుపు చట్రాన్ని ఎవరో రెండుసార్లు తట్టారు. చూస్తే ఆమె. బస్సులో వచ్చింది. చంకలో చిన్న గుడ్డ సంచి.

"నీ సట్రం మంచిది బాబూ. టేకు" అంది. తర్వాత సంచి కింద పెట్టింది. "ఇంకో ఇంటోలు ఇచ్చినారు. కంచికి తాళం ఏసీసినారు. తీగ గట్టిగా బిగించీసినారు. ఇదెక్కడ పొయ్యాల?"

సూపర్వైజరుకు ఫోన్ చేశాను. నంబరు పనిచేయడం లేదు. కాంట్రాక్టరుకు చేశాను. పని అయిపోయిందన్నాడు. నాకు తెలిసిన రెండు ఆఫీసులకు చేశాను. ఇది మాది కాదని ఒకరు, రాసి ఇవ్వమని ఒకరు. ఆమె నేల మీద కూర్చుని నా ముఖమే చూస్తోంది.

"పోనీ, తూచు. ఎంతున్నాదో అదైనా తెలియాల గదా" అంది.

లారీలు ఎక్కే పలక మీద సంచి పెట్టించాను. ఆమె వచ్చి అద్దంలోంచి అంకెల పెట్టెను చూసింది. సున్నా.

"ఏటి, నేదంటన్నాదేటి?"

"ఉంది. ఇరవై కిలోల లోపైతే మా కాటాకి తెలీదమ్మా. అది లారీల కాటా."

ఆమె అద్దానికి ఇంకా దగ్గరగా వంగింది.

"మా గుంట కడుపులో ఉన్నది కూడా ఇల్లాగే గావాల. ఉన్నాది. ఎవులి కాటాకీ తెలవదు."

టీ తాగమంటే తాగింది. గ్లాసు పట్టుకున్నప్పుడు చూశాను. కుడి మణికట్టు కిందికి వాలి ఉంది. వేళ్ళు పైకి లేవడం లేదు. ఎడమ చేత్తో దాన్ని పైకి తోసి గ్లాసుకు ఆనించింది. ఏమైందంటే, వాతమన్నారంది. వాతం వల్లో, చేతులారా ఎత్తిన గంపల వల్లో నాకు తెలియదు. బయల్దేరేటప్పుడు అలవాటుగా చట్రం తట్టబోయింది. చెయ్యి లేవలేదు. ఎడమ చేత్తో తట్టి, "ఈ సెయ్యికి వినడం రాదు" అంటూ వెళ్ళిపోయింది.

ఆ సంచి ఇప్పటికీ మా కాటా వెనక ఇనప పెట్టెలో తాళం వేసి ఉంది.

వడ్రంగి వెళ్ళిన మర్నాడు బండి వేసుకుని ఆ ఊరు వెళ్ళాను. దారిలో కంచె కనబడింది. వానలకు ఎర్రమట్టి జారి, ఒక పక్క నల్లగా బయటపడింది. కంచె కింది తీగను ఎవరో వంచారు. బయట గంపలు దించిన గుండ్రటి గుర్తులు చాలా ఉన్నాయి. ఒకప్పుడు అక్కడ గంప లోపలికి వెళ్ళేది. ఇప్పుడు బయటికి వస్తోంది.

ఆమె ఇంటి వాకిట్లో కొత్త నిట్టాడి కర్ర ఒకటి చెక్కి పడుకోబెట్టి ఉంది. దాని పక్కన గోనె కప్పిన గంప. గోనె ఎత్తి చూడాల్సిన అవసరం లేకపోయింది. ఆ గంప కింద నేల కుంగిన తీరే బరువు చెప్పింది.

కొడుకు బయటికి వచ్చాడు. "ఏటి బావా ఇంత దూరం" అని మంచం వాల్చాడు. లోపలికి చూపించాడు. పాత నిట్టాడి మీద మొదలు నుంచి కప్పు దాకా మట్టి గీతలు పాకాయి. చెద. ఊళ్ళో ఆ ఒక్క ఇంటికే పట్టిందట.

"అమ్మ ఉన్నంత కాలం ముట్టనివ్వనేదు. 'తిననీ, తిననీ' అనీది. ఇంక ఊరుకుంటే ఇల్లు మీద పడతాది."

"ఆ గంప నాకిచ్చీ. నీ కర్రకి తారు పూయిస్తాను, నేనే తెస్తాను."

"ఇది తీసుకుపోతావు బావా. మిగతా ఇళ్ళలోది ఏటి సేస్తావు? కంచి లోపలిది ఏటి సేస్తావు?" అని, నా ముఖం చూసి, "సూద్దాం నే" అన్నాడు.

అప్పుడు ఆ పిల్ల అన్నం కంచంతో వచ్చింది. ముందుకన్నా ఒళ్ళు చేసింది. చదువు మాత్రం నిలవడం లేదని తల్లి చెప్పింది. పిల్ల నిట్టాడి దగ్గర ఆగి, వేలి కణుపులతో రెండుసార్లు తట్టింది. తల పక్కకు వంచింది. బోలుగా మోగింది. పిల్ల ముఖం విచ్చుకుంది. దానికి ఆనుకుని కూర్చుని తినడం మొదలుపెట్టింది. చెద రాల్చిన మట్టి భుజం మీద పడుతున్నా దులుపుకోలేదు.

"ఎందుకు తట్టినావు?" అని అడిగాను.

"మామ్మ సెప్పినాది. తన సెయ్యి లేవనేదని నాకు నేర్పినాది. ఏ ఇంటికెల్లినా తట్టమన్నాది. బోలుగా మోగితేనే తినమన్నాది, తొంగోమన్నాది."

"మీ అత్తోలింట్లో?"

"గట్టిగా మోగుతాది. అక్కడ తినను."

వాకిట్లో కొత్త కర్రను చూపించాను. "అది పాతాక ఇక్కడా గట్టిగానే మోగుతాది గదా. అప్పుడేటి సేస్తావు?"

నోట్లో ముద్ద మింగి, కంచం పైకెత్తి బయట వీధి వైపు చూపించింది.

"ఈదిలో తింటాను" అంది.